పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి ఐ5-12400 మంచిదా, రైజెన్ 5 5600జీ మంచిదా?

పాలకొల్లు నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లులో చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు చేస్తాం. కరిజ్మా ఆల్బమ్ డిజైన్ ఫోటోషాప్‌లో, వీడియో ప్రీమియర్ ప్రోలో నేనే చేసుకుంటాను. ఇప్పుడున్నది నాలుగో తరం ఐ5. విండోస్ 11కి అది పనికిరాదన్నారు. విండోస్ 10కి చూస్తే 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. అంతకంటే పెద్ద బాధ ఎడిటింగ్‌లో ఉందండి. కొత్త కెమెరా క్లిప్పు టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కితే, తలంబ్రాలు పోస్తున్న చేతులు గాల్లోనే ఆగిపోతాయి. సన్నాయి మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. మూడు సెకన్ల తర్వాత బొమ్మ ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. కట్ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

షాపులో రెండు కొటేషన్లు ఇచ్చారు. ఒకటి ఇంటెల్ ఐ5-12400ఎఫ్, రెండోది రైజెన్ 5 5600జీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనడానికి ఇప్పుడు డబ్బుల్లేవు. పాత పీసీలో ర్యామ్ బాగానే ఉంది, అది పెట్టుకోవచ్చా? స్కోర్లు చూస్తే రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?

భీమవరం నుంచి జవాబు:

ముందు ఆ కొటేషన్‌లో చివరనున్న ఎఫ్ అక్షరం చూడండి. ఎఫ్ ఉంటే ప్రాసెసర్‌లో డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకుండా బిగిస్తే మానిటర్ నల్లగానే ఉంటుంది. మీకు కార్డు వద్దు కాబట్టి ఎఫ్ లేని 12400 ధర అడగండి. కాస్త ఎక్కువే చెబుతారు, అయినా పోల్చాల్సింది దాన్నే.

ఇక రెంటి సంగతి. రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, టర్బో వేగం 4.4 గిగాహెర్ట్జే. అందుకే కాగితం మీద కవలపిల్లల్లా కనిపిస్తాయి. 5600జీ 2021లో వచ్చింది, క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) 16 ఎంబీ. 12400 వచ్చింది 2022 జనవరిలో, క్యాష్ 18 ఎంబీ. ఒక్కో కోర్ బలం చూస్తే 12400 పది శాతానికి పైగానే ముందుంటుంది. ఫోటోషాప్‌లో చాలా పనులు ఒకటి రెండు కోర్ల మీదే నడుస్తాయి కాబట్టి ఆ తేడా మీకు తెలుస్తుంది. అదే గేములాడే కుర్రాళ్లు అడిగితే, కార్డు లేని పీసీకి 5600జీనే చెబుతాను. అందులోని వేగా గ్రాఫిక్స్ 12400లోని యూహెచ్‌డీ 730 కన్నా బలమైనది.

పాత ర్యామ్ మాత్రం మర్చిపోండి. అది డీడీఆర్3, ఈ రెంటిలో దేనికీ పట్టదు.

తణుకు నుంచి జవాబు:

నా మాట వేరండి. 12400ఎఫ్ తీసుకుని, సెకండ్ హ్యాండ్‌లో ఎన్విడియా 3050 కార్డు ఒకటి వేసుకోండి. వీడియో పనికి కార్డు లేకుండా ఎలా?

అమలాపురం నుంచి జవాబు:

నేను పదేళ్లుగా పెళ్లి వీడియోలే కట్ చేస్తున్నాను తమ్ముడూ. స్కోర్లు పక్కన పెట్టు. ముందు నీ కెమెరా ఏ రకం ఫైల్ ఇస్తోందో చూడాలి. మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆగిపోతున్న క్లిప్పుని అందులో తెరిచి మూడు సంగతులు రాసి పెట్టు: ఫార్మాట్, అంటే వీడియోని నొక్కిపెట్టే పద్ధతి, ఏవీసీయా, హెచ్ఈవీసీయా? క్రోమా సబ్‌శాంప్లింగ్, అంటే రంగు సమాచారం ఎంత ఉంచుతుందో, అది 4:2:0నా, 4:2:2నా? బిట్ డెప్త్ 8నా, 10నా? అది తెలియకుండా ఎవరేం చెప్పినా చీకట్లో బాణమే.

పాలకొల్లు:

చూశానన్నయ్యా. పాత కెమెరా సోనీ ఏ7-3, దానిది ఏవీసీ, 4:2:0, 8 బిట్. అది పాత పీసీలో కూడా ఏదోలా నడుస్తోంది. కొత్తది ఏ7-4, ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ అనే రికార్డింగ్ మోడ్‌లో 4కే 50పీ తీస్తున్నాం. హెచ్ఈవీసీ, 4:2:2, 10 బిట్ అని చూపిస్తోంది. ఆగిపోయేవన్నీ దీనివే.

అమలాపురం:

అయితే సందేహమే లేదు, ఎఫ్ లేని 12400 తీసుకో. ఎందుకో చెబుతాను.

కెమెరా ఫైల్ బాగా నొక్కి మూటగట్టిన సరుకు లాంటిది. ప్లే నొక్కినప్పుడల్లా సెకనుకి 50 ఫ్రేములు విప్పాలి. ప్రాసెసర్‌లో ఆ విప్పే పనికే విడిగా ఒక యూనిట్ ఉంటే కోర్లకు భారం ఉండదు. లేదంటే ఆరు కోర్లూ విప్పుకుంటూనే కూర్చుంటాయి, ఇక కలర్ కరెక్షన్‌కి మిగిలేదేమీ ఉండదు. 4:2:2లో 4:2:0 కంటే రంగు సమాచారం రెట్టింపు ఉంటుంది. పట్టుచీర అంచు మీద ఎరుపూ జరీ కలిసే చోట రంగు చెదరకుండా నిలబడేది దానివల్లే. కానీ దాన్ని విప్పే యూనిట్ అన్ని చిప్పుల్లో లేదు. ఇంటెల్ వాళ్లు డెస్క్‌టాప్‌లో 11వ తరం నుంచి హెచ్ఈవీసీ 4:2:2 10 బిట్‌ని క్విక్ సింక్ అనే తమ విప్పే యూనిట్‌లో పెట్టారు. 12400లోని యూహెచ్‌డీ 730లో అది ఉంది. 5600జీలోని వేగా 4:2:0 10 బిట్ వరకు విప్పుతుంది, 4:2:2 దగ్గర చేతులెత్తేస్తుంది.

తణుకు గారూ, మీ సలహా మామూలుగా అయితే సరైనదేనండి. కానీ ఎన్విడియాలో 4:2:2 డీకోడ్, అంటే విప్పడం, 50 సిరీస్ నుంచే వచ్చింది. 3050 వీడియో ఎక్స్‌పోర్ట్‌కీ, ఎఫెక్టులకీ సాయపడుతుంది గానీ ఈ క్లిప్పుల దగ్గర ఆగడం తగ్గదు. పైగా ఎఫ్ చిప్ అయితే క్విక్ సింక్ కూడా పోతుంది. డబ్బు ఎక్కువ పెట్టి ఉన్న జబ్బు అలాగే ఉంచుకున్నట్టు అవుతుంది.

ఇంకో మాట తమ్ముడూ. కెమెరాలో ఎక్స్ఏవీసీ ఎస్ పెట్టి 4:2:2 10 బిట్ తీశావంటే అది హెచ్.264, అంటే ఏవీసీ అవుతుంది. దాన్ని 12400 కూడా హార్డ్‌వేర్‌లో విప్పలేదు. అలాంటి క్లిప్పులకు రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి నకలు ఫైళ్లు) పెట్టుకోవడమే దారి. అందుకని కెమెరా మెనూలో హెచ్ఎస్ అలాగే ఉంచు.

తణుకు:

50 సిరీస్ సంగతి నాకు తెలియదండి. 4:2:2 అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాలకొల్లు:

చాలా థ్యాంక్స్ అన్నయ్యా. ఇంటెల్ ప్రాసెసర్లు ఉన్నట్టుండి పాడవుతున్నాయని విన్నాను, అదొక్కటే భయం. బోర్డు ఏది చూడమంటారు?

భీమవరం:

అది 13, 14 తరాల గొడవండి. వోల్టేజి అవసరానికి మించి వెళ్లడం వల్ల వచ్చింది, 2024 ఆగస్టు నుంచి దానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చారు. 12వ తరానికి ఆ సమస్య లేదని ఇంటెల్ చెప్పింది.

బోర్డు బీ660 చూడండి. హెచ్610 చవకే గానీ ర్యామ్‌కి రెండే స్లాట్లు ఉంటాయి, రేపు పెంచుకోవాలంటే ఉన్నవి తీసి అమ్ముకోవాల్సి వస్తుంది. బోర్డు పెట్టె మీద డీడీఆర్4 అని ఉందో, డీడీఆర్5 అని ఉందో చదివి తీసుకోండి. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు. 16 జీబీ స్టిక్కులు రెండు వేయండి, ఒక్క 32 స్టిక్కు వద్దు. లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు స్టిక్కులుంటే దారి రెండింతలు వెడల్పవుతుంది.

ప్రాసెసర్ సీలున్న పెట్టెలోనే తీసుకోండి, ట్రే పీసు (పెట్టె లేకుండా విడిగా అమ్మేది) వద్దు. పెట్టెలో ఫ్యాన్, మూడేళ్ల వారంటీ వస్తాయి. ఆ ఫ్యాన్‌ని మూడు నెలలకోసారి శుభ్రం చేయండి. మన డెల్టా తడి గాలికి దుమ్ము రెక్కల అంచున తడిపిండిలా అంటుకుపోతుంది, ఊదితే రాదు. నేను మెత్తటి బ్రష్‌తో ఒక్కో రెక్కా పట్టుకుని తుడుస్తాను. కరెంటు పోతే ఫైల్ పాడవకుండా యూపీఎస్ తప్పనిసరి. కార్డు లేదు కాబట్టి 600 వీఏది చాలు.

పాలకొల్లు:

ఎఫ్ లేని 12400, బీ660 బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్4 స్టిక్కులు అడిగానండి. రెండు రోజుల్లో తెప్పిస్తామన్నారు. బిగించాక ప్రీమియర్‌లో ఏమన్నా మార్చాలా?

అమలాపురం:

ముందు ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసుకో. తర్వాత ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా అనే చోట హార్డ్‌వేర్ డీకోడింగ్‌కి టిక్ ఉందో లేదో చూసి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరువు. ఆ తలంబ్రాల క్లిప్పే మొదట పెట్టి చూడు. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద వీడియో డీకోడ్ గీత పైకి లేచిందంటే పని జరుగుతున్నట్టే. లేవకపోతే ఇక్కడే రాయి, చూద్దాం.