ఫ్యూయల్ టేబుల్‌లో ఒకే సెల్ ప్రతి లాగ్‌కీ ఎందుకు మారుతోంది?

అందరికీ నమస్తే, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, టర్బో లేదు, స్పీడ్ డెన్సిటీ మీద (మ్యానిఫోల్డ్ ప్రెషర్, ఆర్‌పీఎం బట్టి గాలిని లెక్కకట్టే పద్ధతి) నడుస్తోంది, ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ పెట్టి లాగ్ చేసుకుంటూ వీఈ టేబుల్ (ఏ ఆర్‌పీఎం, ఏ ప్రెషర్ దగ్గర సిలిండర్ ఎంత శాతం గాలితో నిండుతుందో చెప్పే ఫ్యూయల్ టేబుల్) నేనే సరిచేస్తున్నా. లెక్క తెలిసిందే కదా, పాత వాల్యూని లాగ్‌లో వచ్చిన ఏఎఫ్ఆర్‌తో (గాలి-పెట్రోల్ నిష్పత్తి) గుణించి టార్గెట్‌తో భాగించడం. 2400 ఆర్‌పీఎం, 45 కేపీఏ ప్రెషర్ దగ్గర సెల్‌లో 52 ఉండేది, టార్గెట్ 14.7, లాగ్‌లో 15.4 వచ్చింది, సరే అని 54.5 చేశా. మర్నాడు అదే సెల్ 13.6 చూపిస్తోంది! మళ్లీ లెక్కేస్తే 50.4కి దిగాలి, అంటే మొదటి దానికంటే కూడా తక్కువ. రెండు వారాలుగా ఇదే తంతు, నిద్ర పట్టట్లేదు నిజంగా.

క్లోజ్డ్ లూప్ కరెక్షన్ (సెన్సార్ చూసి ఇంజిన్ కంప్యూటరే ఫ్యూయల్ సర్దుకోవడం) ఆపేశా, ఎగ్జాస్ట్ లీక్ లేదు, కూలంట్ 80 డిగ్రీలు దాటాకే లాగ్ తీస్తున్నా. నా అనుమానం ఏంటంటే గ్యాస్ సెన్సార్ దాకా వచ్చేసరికి ఇంజిన్ వేరే సెల్‌లోకి వెళ్లిపోతోంది, పైగా పెడల్ కొంచెం తొక్కినా యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (పెడల్ తొక్కగానే అదనంగా పడే పెట్రోల్) కలిసిపోయి రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువైనట్టు, చూపిస్తోందేమో.

ఈ ఆలస్యాన్ని మీరెలా కొలుస్తారు, థ్రాటిల్ ఎంత వేగంగా కదిలితే ఆ శాంపిల్స్ తీసేస్తారు, ఒక సెల్‌ని నమ్మాలంటే కనీసం ఎన్ని రీడింగ్స్ ఉండాలి? కరెక్షన్ మొత్తం ఒకేసారి వెయ్యాలా, సగం సగం వెయ్యాలా? చేసి చూసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.