సింధ్, బలూచిస్తాన్‌ల అసలైన వంటలు ఏవి?

ప్రశ్న:
పాకిస్తాన్ వంటలనగానే మన పత్రికల్లోనూ వీడియోల్లోనూ నిహారీ (మాంసాన్ని చాలాసేపు ఉడికించి చేసే పులుసు), బిర్యానీల ప్రస్తావనే ఎక్కువగా కనిపిస్తుంది. నిహారీ వంటివి 1947లో ఢిల్లీ నుంచి కరాచీకి తరలివెళ్లిన కుటుంబాలతో అక్కడ స్థిరపడ్డాయి. అంతకు ఎంతో ముందునుంచీ ఆ నేల మీదే ఉన్న సింధీలు, బలూచీలు తరతరాలుగా ఏమి తింటున్నారో, ఆ వంటలకు వారి జీవనంతో ఉన్న సంబంధమేమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
సింధ్ గురించి చెప్పాలంటే పల్లో చేపతోనే మొదలుపెట్టాలి. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అని గోదావరి జిల్లాలవారు చెప్పుకొనే చేప, ఇదీ ఒకే జాతి. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి వరదనీటికి ఎదురీదుతూ సింధు నదిలోకి వస్తుంది. సక్కర్ దగ్గర నది నడుమ దీవిలో ఉన్న, నదీదైవంగా కొలిచే జిందా పీర్ స్థానం వరకూ పల్లో ఈది వచ్చి, ఆయనకు మొక్కి వెనుదిరుగుతుందని, ఆ దర్శనంతోనే దానికి రుచి వస్తుందని అక్కడి జాలరుల నమ్మకం. సింధీ హిందువులు ఇదే నదీదైవాన్ని ఝూలేలాల్‌గా కొలుస్తారు. పటాలలో ఆయన పల్లో మీద ఆసీనుడై కనిపిస్తాడు. సింధ్‌లోని ఆయన పుణ్యస్థలం ఉదేరోలాల్‌లో హిందువులు, ముస్లింలు నేటికీ ఒకే ప్రాంగణంలో ప్రార్థిస్తారు. ఒక చేప ఇంతటి భక్తిని మోయడం నాకు ఎప్పటికీ అపురూపంగానే తోస్తుంది.

పూర్వం మొహాణా జాలరులు పెద్ద మట్టికుండ మీద బోర్లా పడుకుని, ప్రవాహంలో తేలుతూ వల వేసి, పట్టిన చేపను ఆ కుండలోనే వేసుకునేవారు. ఉల్లి, కొత్తిమీర, చింతపండు, మసాలా నూరిన ముద్దను చేప కడుపులో కూరి, వేడి ఇసుకలో పూడ్చి నెమ్మదిగా మగ్గనివ్వడం పాత పద్ధతి. సక్కర్‌కు దిగువన సింధు నది మీద 1955లో పూర్తయిన కోట్రి బ్యారేజీ పల్లో దారిని మూసేసింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర పులసకు ఎదురైన అడ్డంకీ ఇటువంటిదే. కనుక సక్కర్ వాసులకు ఆ చేప ఇప్పుడు కథల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

నిత్యభోజనంలో మాత్రం సాయీ భాజీదే పెద్దపీట. పాలకూర, చుక్కకూర, సోయికూరలను శనగపప్పుతో కలిపి ఉడికించి, మెత్తగా ఎనిపి అన్నంతో తింటారు.

జవాబు 2:
సింధు నది దాటి పడమటికి వెళితే వంట స్వరూపమే మారుతుంది. బలూచీల సజ్జీలో సంప్రదాయం ప్రకారం ఉప్పు తప్ప మరే మసాలా ఉండదు. గొర్రెపిల్ల మాంసాన్ని పుల్లలకు గుచ్చి, నిప్పుల చుట్టూ నిలబెట్టి, మంట తగలకుండా వేడికే గంటల తరబడి కాలనిస్తారు. కాల్చిన గుండ్రాయి చుట్టూ గోధుమపిండి ముద్దను అద్ది, అదే నిప్పుల పక్కన కాక్ అనే రొట్టెను తయారుచేస్తారు. మందల వెంట ఊళ్లు మారుతూ బతికినవారికి పెనం, పొయ్యి మోసుకుపోవలసిన అవసరం లేకుండా పుట్టిన వంటలివి. క్వెట్టా పరిసరాల్లో చలికాలానికి ముందు గొర్రెను కోసి, చర్మమూ కొవ్వూ ఉంచే ఉప్పు పట్టించి, ఆరబెట్టి దాచుకునే లాంధీ కూడా ఈ కోవలోనిదే. కరాచీ, లాహోర్ హోటళ్లలో కోడి కడుపులో అన్నం కూరి, మసాలా దట్టించి సజ్జీ పేరుతో వడ్డిస్తున్నారు. అది రుచిగా ఉండవచ్చు గానీ దానిని బలూచీల వంటగా పరిగణించడం నాకు సమ్మతం కాదు.

జవాబు 3:
పై ఇద్దరి వివరణలూ ఎంతో విలువైనవి. అయితే వలస వచ్చిన వంటలను ప్రశ్న అడిగిన మిత్రులు పక్కన పెట్టడంతో మాత్రం నేను ఏకీభవించలేను. కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేట ఉంది. దక్కన్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, చింతపండు పులుపుతో చేసే ఖట్టీ దాల్ వండుకోవడం మానలేదు. ఆ పేట పచ్చళ్లకు నగరమంతటా పేరుంది. సింధు తీరపు పల్లోతో పాటు మన నువ్వుల, పల్లీల పులుసు కూడా ఈనాటి కరాచీ భోజనంలో భాగమే.