మామిడి వేర్ల మీద తవ్వకుండా వేసే బాటకి అంచు ఏది: కర్బా, తాటి దూలమా?

కొత్తిల్లు_అమలాపురం: గేటు నుంచి పోర్టికో దాకా కారు బాట. వెడల్పు 10 అడుగులు, పొడవు 26. పక్కనే ముదురు మామిడి ఉంది, మొదలు చుట్టుకొలత 5 అడుగులు. బాట చెట్టు మొదలుకి 8 అడుగుల దూరంలో పోతుంది. నేల మీదే జియోసెల్ (తేనెపట్టు గదుల్లాంటి ప్లాస్టిక్ చట్రం) పరిచి కంకర నింపుదామనుకున్నాం. అంచుకి అడుగు లోతు కాలవ తీసి కర్బ్ (కాంక్రీటు అంచు గట్టు) పెట్టకపోతే కంకర జారిపోతుందని మేస్త్రి పట్టుబడుతున్నాడు. ఏం చేయమంటారు?

లంకరైతు: కాలవ తీశాక ఇంక తవ్వకుండా వేసిందేముందండీ! బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5837 లెక్కలో మొదలు అడ్డకొలతకి 12 రెట్లు వేరు హద్దు. మీ చెట్టు అడ్డకొలత 19 అంగుళాలు, అంటే హద్దు మొదలు నుంచి చుట్టూ 19 అడుగులు. మేత తెచ్చే సన్న వేర్లు ఎక్కువగా పై అడుగు, అడుగున్నరలోనే. వర్షాకాలం నీరు పైకొచ్చే మన నేలల్లో మరీను.

సైట్_మేస్త్రి: కర్బే వద్దంటే ఒప్పుకోనండి. కారు చక్రం అంచు తొక్కితే కంకర పక్కకి పోతుంది. కాలవ లేకుండానే, నింపిన సెల్స్ చివరి వరస మీద కర్బ్ కూర్చోబెట్టొచ్చు.

లంకరైతు: కూర్చోబెట్టొచ్చు, కానీ కింద ప్లాస్టిక్ షీటు లేకపోతే పచ్చి సిమెంటు నీళ్లు వేర్లలోకి దిగుతాయి, అందులో సున్నం ఘాటు. రెండోది, రెండు పక్కలా కర్బ్ సందు లేకుండా కట్టేస్తే బాట తొట్టి అయిపోతుంది. రేగడిలో నీరు కిందికి ఇంకదు, కంకరలో నిలిచి వేరుకి గాలి ఆడదు. కర్బ్ పెడితే మూడడుగులకో రెండంగుళాల సందు వదలాల్సిందే.

అసలు సంగతి, బరువు మోసేదీ పక్కకి జారకుండా పట్టేదీ సెల్ గోడలే. అంచు ఆపేది పైన వదులుగా ఉన్న అంగుళం కంకరని మాత్రమే. అందుకే సెల్స్‌ని చక్రం దారికి చెరో అరడుగు ఎక్కువ పరవండి. వరస ఇదీ: గడ్డి చేత్తో పీకాలి, పలుగు దింపొద్దు. గుంటలుంటే ఇసుకతో సరిచేసి, నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ (నేయని, నీరు దిగే) గుడ్డని ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కేలా పరిచి, 6 అంగుళాల సెల్ సాగదీసి ఊచలతో బిగించాలి. కంకర ఒక చివర నుంచి నింపుకుంటూ, నింపిన దాని మీదే నడుస్తూ ముందుకెళ్లాలి. ఖాళీ సెల్స్ మీదకి ట్రాక్టర్ ఎక్కిస్తే గోడలు పడుకుంటాయి.

కడియం_మొక్కలు: అంచుకి తాటి దూలం చాలు. 12 ఎంఎం ఊచలు రెండున్నర అడుగులవి, దూలానికి ముందే చిల్లు వేసి నాలుగడుగులకొకటి దించాలి. వేరు తగిలితే సుత్తితో బాదకుండా నాలుగంగుళాలు పక్కకి జరపాలి. కొబ్బరి మొద్దు మాత్రం వద్దు, తొందరగా పుచ్చిపోతుంది.

సైట్_మేస్త్రి: తాటికి చెదలు పట్టవా ఏంటి?

కడియం_మొక్కలు: లోపలి మెత్తటి బెండుకి పడతాయి. నల్లటి పైచేవ మాత్రమే చెక్కించుకోండి. ఇనప పట్టీ అయితే సముద్రం గాలికి తుప్పు, జీఐ (జింకు పూత ఇనుము) అయితేనే పెట్టండి.

కొత్తిల్లు_అమలాపురం: దూలమే ఖాయం. పైన అంగుళం కలిపి 7 అంగుళాల మందానికి కంకర యూనిట్‌న్నర (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) సరిపోతుందా?

లంకరైతు: చెరో అరడుగు కలిపితే వెడల్పు 11 అడుగులయింది. 167 ఘనపుటడుగులు, ఒకటిముప్పావు యూనిట్ చెప్పండి. 20–40 ఎంఎం రాయే రావాలి. డస్ట్ కలిసిన లోడయితే వెనక్కి పంపించేయండి, సందులన్నీ అదే పూడ్చేస్తుంది.