మొదటి అద్దె ఇల్లు: కరకంబాడి రోడ్డు ఫ్లాటా, చిత్తూరు పోర్షన్లా?

కొత్తకాపు_31
అందరికీ నమస్కారం. శ్రీసిటీలో ఉద్యోగం, చేతికి 68 వేలు వస్తుంది. ఉండేది మా నాయన కట్టిన ఇంట్లోనే. 12 లక్షలు కూడబెట్టినాను, అద్దెకిచ్చే ఇల్లొకటి కొందామని ఉండాది. రెండు చూసినాను. ఒకటి తిరుపతి కరకంబాడి రోడ్డులో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, 42 లక్షలు, అద్దె 11 వేలు వస్తుందంటా ఉండారు. రెండోది చిత్తూరు గ్రీమ్స్‌పేటలో పాత మేడ, 38 లక్షలు, మూడు పోర్షన్లకు కలిపి 16,500. లోను ఎంత ఇస్తారు, ఏది మేలు, పన్ను సంగతి ఎట్ల? ఇంకోటి, ఫ్లాటును భోగ్యానికిచ్చి (నెల అద్దె లేకుండా ఒకేసారి పెద్ద మొత్తం తీసుకొని, గడువు తీరినాక తిరిగిచ్చే పద్ధతి) ఆ డబ్బు లోనుకు కట్టేస్తే? తెలిసినోళ్లు చెప్పండి.

ట్యాంకర్_బాధితుడు
ముందు నీళ్లు చూడు సామీ. మాదీ ఆ రోడ్డే. కొన్నప్పుడు బోరు బ్రహ్మాండం అన్నారు, రెండో వేసవికే ఎండింది. అద్దెకొచ్చినోళ్లు నెల తిరక్కుండానే "అన్నా, నీళ్లు" అని ఫోన్లు. మూడేళ్లలో నలుగురు మారినారు. మారిన ప్రతిసారీ పెయింటు, ఒక నెల ఖాళీ, బ్రోకరుకు వేరే. 11 వేలను పన్నెండు నెలలకు కాదు, పది నెలలకు గుణించుకో.

మాజీ_బ్యాంకోడు
34 ఏళ్లు లోన్ల సీటులో కూర్చున్నవాణ్ణి, చెప్తాను వినండి. లోను 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 దాటి 75 వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. ఇది రిజర్వ్ బ్యాంకు పెట్టిన గీత. ఈ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలవదు, అది మీ జేబులోదే. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం. 42 లక్షల ఫ్లాటుకు లోను 33.6, మీరు పెట్టేది 8.4, దానిపైన 3.15. అంటే 11.55 లక్షలు. మీ 12 లక్షలు అక్కడికే సరి. ఫ్యాను బిగించడానికి కూడా మిగలదు.

లెక్కలక్క
సార్ చెప్పింది నిజమే, మిగతాది నేను వేస్తాను. 33.6 లక్షలు, 20 ఏళ్లు, 8 శాతం అనుకుంటే నెలకు 28,100. అద్దె 11 వేలు. ప్రతి నెలా 17 వేలు నువ్వే ఎదురు పెట్టాలి తమ్ముడూ, అదీ ఇల్లు ఖాళీ లేకుండా ఉంటే. ఆదాయపు పన్నుకొస్తే, కొత్త పద్ధతిలో ఉంటే అద్దె ఇంటి నష్టాన్ని, అంటే అద్దెను మించిన వడ్డీని, జీతంలోంచి తీసేయనివ్వరు. పాత పద్ధతిలో 2 లక్షల వరకు తీసేసుకోవచ్చు. "వడ్డీ అంతా పన్నులో వచ్చేస్తుంది" అని బిల్డరు మనిషి చెప్పుంటాడు, నమ్మొద్దు.

భోగ్యం_బాబాయ్
ఈ లెక్కలు చూసి పిల్లోడు పారిపోతాడు! నేను ఎం.ఆర్.పల్లిలో ఇల్లు మూడేళ్లకు 7 లక్షలకు భోగ్యానికిచ్చినా. ఆ 7 లక్షలూ లోనులో పడేసినా, ఏళ్లకేళ్లు తగ్గిపోయినాయి. నెలనెలా అద్దె కోసం తలుపు కొట్టే పని లేదు. రెండో ఇల్లు కూడా అట్లనే తీసుకున్నా. మన పక్క తాతల కాలం నుంచీ ఉండే పద్ధతి ఇది.

లెక్కలక్క
బాబాయ్, 7 లక్షలు లోనుకు కట్టారు, 8 శాతం లెక్కన ఏడాదికి 56 వేలు వడ్డీ మిగిలింది. ఆ ఇంటికి అద్దె ఎంతొచ్చేది?

భోగ్యం_బాబాయ్
తొమ్మిది వేలు.

లెక్కలక్క
ఏడాదికి 1,08,000. మీరు 52 వేలు వదులుకున్నారు.

భోగ్యం_బాబాయ్
తొమ్మిది వేలు పన్నెండు నెలలూ వస్తుందని ఎవరు రాసిచ్చినారమ్మా? పైన ట్యాంకరాయన్ని అడుగు. భోగ్యానికొచ్చినోడు ఇంటిని సొంత ఇల్లు మాదిరి చూసుకుంటాడు, మేకు కూడా అడిగి కొడతాడు.

మాజీ_బ్యాంకోడు
లెక్క పక్కన పెట్టండి. ఇల్లు బ్యాంకులో తనఖా ఉంది కదా, భోగ్యానికిచ్చే ముందు బ్యాంకు దగ్గర లిఖితపూర్వకంగా అనుమతి తీసుకున్నారా? లోను ఒప్పందం తీసి చదవండి.

భోగ్యం_బాబాయ్
కంతు టైముకు పోతా ఉంటే బ్యాంకోళ్లు వచ్చి తలుపు తట్టి చూస్తారా ఏంది? మీరు సీట్లో ఉన్నన్నాళ్లూ ఎన్ని ఇళ్లు చూసొచ్చినారు సార్?

మాజీ_బ్యాంకోడు
మర్యాదగా మాట్లాడండి. నేను చూడని ఇల్లు శాంక్షన్ కాలేదు.

ఆరు_లక్షలు_పాయె
ఇద్దరూ ఆగండి. నేను అవతలి పక్క మనిషిని. 6 లక్షలిచ్చి భోగ్యానికి చేరినాను. ఇంటాయన నాలుగు కంతులు ఎగ్గొట్టినాడని నాకేం తెలుసు? ఒకరోజు ఆఫీసు నుంచి వస్తే తలుపు మీద బ్యాంకు నోటీసు అంటించుండాది. మా అమ్మ లోపల కూర్చొని ఏడస్తా ఉండాది. ఆయనేమో "ఇంకో భోగ్యం పార్టీ దొరికితే మీ డబ్బు ఇచ్చేస్తా" అంటాడు. అంటే నా గుంతలోకి ఇంకొకణ్ణి దించి నన్ను పైకి లాగుతాడంట. 2 లక్షలు వచ్చినాయి, 4 ఇంకా రాలేదు. బాబాయ్ లాంటోళ్ల వల్లనే ఇదంతా.

భోగ్యం_బాబాయ్
నేను ఎవరికీ రూపాయి బాకీ లేను. ఎవడో చేసిన దానికి నన్నంటే ఊరుకోను.

దస్తావేజుల_మామ
అసలు కాగితం ఎట్ల రాసుకున్నారయ్యా మీరంతా? 100 రూపాయల స్టాంపు మీద పదకొండు నెలలకు రాసుకొని మూడేళ్లుంటారు. ఇల్లు స్వాధీనం చేసి తాకట్టు పెడితే రిజిస్టరు చేయాల. ఏడాదికి మించిన లీజుకూ అంతే. రిజిస్టరు లేకుంటే రేపు బ్యాంకు ముందర ఆ కాగితానికి బలం ఉండదు. ఇంకోటి, డబ్బు నోట్ల కట్టలుగా తీసుకుంటా ఉండారు. 20 వేలు, అంతకు మించిన అప్పు గానీ డిపాజిట్ గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా కింద పడొచ్చు. చెక్కో, ఆన్‌లైనో.

ఆరు_లక్షలు_పాయె
నేను సగం నగదు ఇచ్చినాను మామా.

దస్తావేజుల_మామ
ఇంకేం చెప్పేది.

రోజుబాడుగ_రాజా
మీరంతా పాతకాలంలో ఉండారు బ్రో. ఫ్లాటు కొని యాత్రికులకు రోజుబాడుగకు ఇవ్వండి. రోజుకు 1,500. కొండకు పొయ్యేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

అసోసియేషన్_సెక్రటరీ
మీ లాంటోళ్ల వల్లనే మా లిఫ్టు నెలకోసారి చెడతా ఉండాది. తెల్లవారి మూడింటికి పదిహేను మంది సూట్‌కేసులతో దిగి ఒకే ఫ్లాటులోకి పోతారు. తలనీలాలిచ్చి వచ్చి వాచ్‌మ్యాన్‌ను వేడినీళ్లు అడుగుతారు. మా అపార్ట్‌మెంటులో తీర్మానం చేసి ఆపేసినాం. ఫ్లాటు కొనేముందు అసోసియేషన్‌ను అడిగి కొనండి.

రోజుబాడుగ_రాజా
ఫ్లాటు నాది, లిఫ్టుకు మెయింటెనెన్స్ కడతా ఉండాను.

అసోసియేషన్_సెక్రటరీ
ఒక కుటుంబానికి కట్టి ఊరినంతా ఎక్కిస్తా ఉండారు.

మురకంబట్టు_అక్క
చిత్తూరు మేడ గురించి ఒక్కరూ చెప్పలేదే. నాకు మూడు పోర్షన్ల ఇల్లుండాది. ఒకటి ఖాళీ అయినా రెండిట్లో అద్దె వస్తుంది, అది నిజంగా ధైర్యం. కానీ కరెంటు మీటర్లు ఎన్నుండాయో చూడు నాయనా. మాకు మొదట్లో ఒకటే ఉండె. మూడిళ్ల యూనిట్లు కలిసి పై స్లాబులో పడి, బిల్లు పంచుకునే దగ్గర ప్రతి నెలా రామరావణ యుద్ధం. మూడు మీటర్లు పెట్టించినాక గానీ ఇంట్లో శాంతి లేదు. మిద్దె కురుస్తుందేమో వానాకాలంలో పోయి చూడు. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే అది దస్తావేజులో ఎట్ల రాసుండారో చదివించుకో.

కొత్తకాపు_31
అక్కా, మంచి మాట చెప్పినారు. పోయిన ఆదివారం మళ్లా పోయొచ్చినా. మీటరు ఒకటే ఉండాది! అది పెట్టించుకోవచ్చులే. కానీ ఇంటాయన ఇంకోటి అన్నాడు: రిజిస్ట్రేషన్ 24 లక్షలకే, మిగతా 14 చేతికి ఇచ్చేయమని.

మాజీ_బ్యాంకోడు
అక్కడే ఆగండి. దస్తావేజులో 24 అని రాస్తే బ్యాంకు 24 మీదే చూస్తుంది. 90 శాతం వేసినా 21.6 లక్షలు. మిగిలిన 16.4 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు మీరే తేవాలి. మీ దగ్గరున్నది 12. పైగా పాత మేడకు బ్యాంకు ఇంజనీరు ఇంకెన్నేళ్లు నిలుస్తుందో రాయాలి, ప్లాను అప్రూవల్ కాగితం కావాలి. ఉన్నాయా?

లెక్కలక్క
రేపు నువ్వు 45కు అమ్మితే, 24కు కొన్నట్టు కాగితం ఉంటుంది. లాభం 7 కాదు, 21 లక్షలని పన్ను వేస్తారు. ఆయన మిగిల్చుకునే పన్ను నువ్వు కడతావు.

దస్తావేజుల_మామ
ఫ్లాటు స్థలం ఏదో ఎవరూ అడగలేదు. మన తిరుపతి చుట్టూ మఠం భూములు, డీకేటీ పట్టాలు (సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూములు) ఎన్నుండాయో తెలుసా? అసైన్డ్ భూమి అమ్మకానికి 1977 చట్టం కట్టడి ఉండాది. సర్వే నెంబరు 22ఏ జాబితాలో (రిజిస్టరు చేయకూడని భూముల జాబితా) ఉండాదేమో రిజిస్ట్రేషన్ శాఖ సైటులో చూడు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉంటే ప్లాను తెప్పించుకొని, కట్టిందీ ప్లానులో ఉండేదీ ఒకటేనా అని అంతస్తులు లెక్కబెట్టు. 30 ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే కాగితం) తీయించు, లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే పాత దస్తావేజులు, అడుగు. జిరాక్సులు చాలు అనేవాడి దగ్గర కొనొద్దు.

భోగ్యం_బాబాయ్
ఇన్ని చూస్తే ఎవడూ ఇల్లు కొనలేడు. నేను ఈసీ ఒకటే తీసినా.

ఆరు_లక్షలు_పాయె
అందుకే.

కొత్తకాపు_31
నగదు మాటకు నేను రానని ఇంటాయనకు చెప్పినాను. అయితే వేరే పార్టీ చూసుకుంటానన్నాడు, సరే అన్నా. ఫ్లాటుకు ఈసీ పెట్టినా, సర్వే నెంబరు అడిగితే బిల్డరు మనిషి రెండ్రోజులుగా ఫోను ఎత్తడం లేదు.

ట్యాంకర్_బాధితుడు
ఎత్తినాక బోరు లోతు కూడా అడుగు.

వలసపక్షి_రేణిగుంట
అన్నా, చర్చ మొత్తం చదవలేదు, టైము లేదు. పద్మావతీపురం పక్క 5, 6 లక్షల్లో భోగ్యానికి ఇల్లేమన్నా ఉంటే చెప్పండి. బాబాయ్, మీ రెండో ఇల్లు ఖాళీగా ఉండాదా?