గండికోటలో తాడు కట్టుకుని దిగడం: ఎత్తంటే వణికేవాళ్లు ఎవరైనా చేశారా?

అనంత_అమ్మ
దసరా సెలవులకు బేలుం గుహలు, గండికోట అనుకుంటున్నాం. తాడిపత్రి మీదుగా కారులో వెళ్తాం. మా పాపకు పదకొండేళ్లు, ర్యాపెల్లింగ్ వీడియోలు చూసి అదే కావాలని కూర్చుంది. నాకేమో మేడ మీద పిట్టగోడ దగ్గరికి పోయినా అరికాళ్లు జివ్వుమంటాయి. మా ఆయన "ఇద్దర్నీ అంచుకు తీసుకుపోయి నిలబెడతా, భయం అదే పోతుంది. మా నాయన నాకు ఈత బావిలో తోసే నేర్పించినాడు" అంటున్నాడు. ముందు బేలుమా, గండికోటా? పిల్లల్ని దిగనిస్తారా? టెంటా, రూమా? అత్తమ్మ ఉల్లి, వెల్లుల్లి ముట్టదు, భోజనం ఎట్లా?

పెన్నా_గట్టు
మాది జమ్మలమడుగు పక్కనే అక్కా. ఆ కోటలో చిన్నప్పటి నుంచి తిరిగినోళ్లం, మాకు లోయ అంటే లెక్కే లేదు. అంచున చాలాచోట్ల కంచె ఉండదు. రాళ్లు పలకలు పలకలుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటే వాటి చివర కూర్చుని సెల్ఫీలు దిగుతారు. మీకు భయం ఉంటే ఉండనీయండి, మంచిదే.

కందనవోలు_బిడ్డ
నాది వేరే రకం భయం. లిఫ్టు తలుపు మూసుకుంటేనే ఊపిరాడదు. బేలుంలో మొదట మెట్లు దిగి బావిలాంటి గుంటలోకి పోతాం, అక్కడ ఆకాశం కనిపిస్తుంది కాబట్టి బాగానే ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ ఉక్కపోత, చొక్కా వీపుకు అతుక్కుంటుంది. దారిలో గాలి కోసం పైపులు పెట్టారు. నేను ప్రతి పైపు దగ్గరా ఆగి మొహం పెట్టుకున్నా, వెనకాల పెళ్లి బృందమొకటి నన్ను తిట్టుకుంటూ నిలబడింది. వంగి నడిచే చోట మా తమ్ముడు వెనక్కి తిరిగి నాతో క్రికెట్ మాట్లాడుతూనే ఉన్నాడు. పాతాళగంగ దాకా పోయొచ్చా. పైనుంచి లెక్కేస్తే అది 150 అడుగుల లోతు. మా కర్నూలు జిల్లాలో ఇంతకన్నా చూడాల్సింది లేదు.

నంద్యాల_నల్లరేగడి
కర్నూలు జిల్లానా? 2022 ఏప్రిల్ నుంచి బేలుం నంద్యాల జిల్లా. కొలిమిగుండ్ల మండలం. ఇంకా ఎన్నేళ్లు మీది మీది అంటారు?

కందనవోలు_బిడ్డ
నువ్వు పుట్టినప్పుడు యాడుండె నీ నంద్యాల జిల్లా? సర్టిఫికెట్ తీసి చూసుకో పో.

గుత్తి_కోట
అక్కా, మీ ఆయన చెప్పిందే కరెక్టు. మా జేజినాయన నడుముకు సొరకాయ బుర్ర కట్టి బావిలో దొబ్బినాడు. సాయంత్రానికి ఈదినా. ఇప్పటి పిల్లలకు అన్నీ సుకుమారాలే. మొన్న పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కలేదా? ఎవరో ఒకరు తోస్తేనే కదా!

పీఈటీ_సార్
గుత్తి తమ్ముడూ, మొన్న కాదు, 2014లో. ఆ అమ్మాయిని ఎవరూ తోయలేదు. భువనగిరి కొండ మీద రాయెక్కడం నేర్పి, తర్వాత హిమాలయాల్లో శిక్షణ ఇచ్చి, ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ తీసుకుపోయినారు. నేను హైస్కూల్లో పిల్లల్ని ఆడిస్తున్నా కాబట్టి చెప్తున్నా. పిల్లోణ్ణి తోస్తే ఆ పూట కాళ్లూ చేతులూ కొట్టుకుని బయటపడతాడు. మరుసటి రోజు నుంచి నీళ్ల దగ్గరికి కాదు, తోసినవాడి దగ్గరికే రాడు.

గుత్తి_కోట
సార్, నేను ఇప్పటికీ బావిలో ఈదుతా. మా జేజినాయన దగ్గరికీ పోయేవాణ్ణి.

పీఈటీ_సార్
నీకు సొరకాయ బుర్ర కట్టినాడు కదయ్యా! అంటే ముందు మునగకుండా చూసుకున్నాడు. కట్టకుండా తోసి ఉంటే ఈ వాదన చేసేవాడివి కాదు.

ప్రొద్దుటూరు_పద్మ
సార్ కరెక్ట్. మా అన్నను లారీ ట్యూబు కూడా లేకుండా తోసినారు. నలభై దాటినాయి, ఇప్పటికీ పుష్కరాల్లో చెంబుతోనే స్నానం. అందరూ నవ్వుతారు, వాడూ నవ్వుతాడు, కానీ నీళ్లలో కాలు పెట్టడు.

గుత్తి_కోట
మీ అన్న పిరికోడైతే దానికి మా జేజినాయన ఏం చేస్తాడు?

ప్రొద్దుటూరు_పద్మ
మాట మర్యాదగా రానీ. మా అన్న సంగతి నీకేం తెలుసు? కీబోర్డు ముందు కూర్చున్నోళ్లంతా శూరులే.

ఉగ్గాని_ప్రియుడు
కొట్టుకోకండప్పా. అసలు ప్రశ్న భోజనం గురించి కూడా ఉంది. తాడిపత్రిలో ఆగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపోండి. ఖాళీ కడుపుతో ఎత్తు మీద నిలబడితే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి, దాన్ని భయం అనుకుంటారు.

కడప_కారం
బజ్జీ తిని తాడుకు వేలాడితే ఏమవుతుందో ఆలోచించినావా? నడుం చుట్టూ బెల్టు బిగిస్తారయ్యా సామీ.

తాడు_మాస్టర్
ఇంతసేపూ చూస్తున్నా. ఈ చర్చలో ఒక్కరికీ తాడు గురించి తెలిసినట్టు లేదు. నేను ఉత్తరకాశీలో పర్వతారోహణ కోర్సు చేసినవాణ్ణి. కొండ దిగేటప్పుడు ప్రాణం మన చేతి బలం మీద ఆధారపడదు. తాడు డిసెండర్ అనే లోహపు ముక్క చుట్టూ తిరిగి వస్తుంది, ఆ రాపిడే మన బరువును ఆపుతుంది. కింది చెయ్యి తుంటి దగ్గర తాడు పట్టుకుని ఉండాలి, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. దీనికి తోడు ఇంకో తాడు ఉండాలి, ఇంకో మనిషి పట్టుకోవాలి. ఆ రెండో తాడు లేదంటే డబ్బులు వాపసు తీసుకుని వచ్చేయండి. చున్నీ, వదులు చొక్కా, విరబోసిన జుట్టు కుదరదు, డిసెండర్‌లో ఇరుక్కుంటే మధ్యలో వేలాడుతారు. పిల్లలకు వయసు కన్నా బెల్టు సరిపోవడం ముఖ్యం. పెద్దవాళ్ల బెల్టు బిగించి సర్దితే ఒప్పుకోవద్దు. ఇంకొకటి, గండికోట గ్రానైట్ గట్టి రాయి, దాని గురించి దిగులు వద్దు.

రాళ్ల_పిచ్చి
మాస్టర్ గారూ, తాడు మీ సబ్జెక్టు, రాయి నాది. అది గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్. దాని పేరే గండికోట క్వార్ట్‌జైట్. సముద్రపు ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది, అందుకే పలకలుగా విరుగుతుంది. పెన్నా గట్టు తమ్ముడు చెప్పిన పలకలు అవే. గట్టి రాయే, కానీ విడిపోయిన పలక గట్టిది కాదు. బేలుం మళ్లీ వేరు, అది నార్జి సున్నపురాయి, నీళ్లు కరిగించి చేసిన దారులు.

తాడు_మాస్టర్
పొరలు మాకు కోర్సులో చెప్తారు సార్. నేను మామూలు మాటగా అన్నా.

రాళ్ల_పిచ్చి
తాడును రాయికి బిగించే యాంకర్ కట్టేటప్పుడు కూడా మామూలుగానే కడతారా?

నంద్యాల_నల్లరేగడి
ఈ దెబ్బకు మాస్టర్ తాడు తెగింది.

ఉగ్గాని_ప్రియుడు
అక్కా, పోయొచ్చినారా? సెలవులు అయిపోయినాయి.

అనంత_అమ్మ
పోయొచ్చాం. ముందు బేలుం చూశాం. ఎండ ముదరకముందే లోపలికి వెళ్తే మేలు. నాకు అక్కడ ఏ ఇబ్బందీ లేదు, పాపకు చీకట్లో నా కొంగు కావాల్సొచ్చింది.

గండికోటలో పాప హెల్మెట్ పెట్టుకుని అంచుదాకా పోయి "నాకొద్దు" అని నా వెనక్కి వచ్చేసింది. ఆయన ఏదో అనబోతే అత్తమ్మ "నోరు ముయ్" అనింది, పెళ్లయినాక ఆ మాట అనగా నేను వినడం అదే మొదలు. నేను పోతా అన్నా. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. రెండో తాడు ఉందా అని అడిగా, చూపించారు. చుడీదార్ చున్నీ తీసి అత్తమ్మకిచ్చా.

లోయలోకి దించరు, కొత్తవాళ్లకు పక్కనే చిన్న బండ. అయినా అంచున వీపు తిప్పి నిలబడినప్పుడు మడమల కింద ఏమీ ఉండదు. దించే అబ్బాయి "మేడమ్, కిందికి కాదు, నా మొహం చూడండి. కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలండి" అన్నాడు. వాలమంటే ఒళ్లు వినదు. బండను కరుచుకున్నా, కాలు జారింది, మోకాలు గీసుకుంది. "బరువు తాడుకివ్వండి మేడమ్, మీరు మోయకండి" అన్నాడు. కాసేపటికి ఎట్లో వాలితే బెల్టు తొడల దగ్గర గట్టిగా పట్టింది, పాదాలు బండకు ఆనాయి, ఒక్కో అడుగూ పడింది. కిందికి చేరేదాకా వణుకు పోలేదు, వణుకుతూనే దిగా. అది చూసి పాప తానూ దిగుతానని అడిగింది, అదే బండ సగం నుంచి దించారు.

గుత్తి_కోట
మీ ఆయన?

అనంత_అమ్మ
ఫోటోలు తీశాడు.

ప్రొద్దుటూరు_పద్మ
హహహ. బావిలో తోసినాయన కొడుకు అంచు దగ్గరికే రాలేదా?

గుత్తి_కోట
ఫోటోలు ఎవరో ఒకరు తీయాలి కదా! మీకన్నీ తప్పే.

కడప_కారం
టెంటా, రూమా తీసుకున్నారు? మేము ఒకచోట టెంటు తీసుకుంటే రాత్రి గాలికి మేకులు ఊడి మొహం మీద పడింది. అడిగితే "గాలి మా చేతిలో ఉందా సార్" అన్నాడు.

అనంత_అమ్మ
అత్తమ్మ ఉంది కాబట్టి రూమే. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకుపోయాం.

పీఈటీ_సార్
పాపకు సరదా కలిగింది కాబట్టి తర్వాత కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఎక్కించండి. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వస్తే అది పెద్ద సైజు, మార్పించండి.

గుత్తి_కోట
సార్, కయాక్ అవతల పెట్టండి. మా గుత్తి కోటకు తీసుకురమ్మనండి. తాడూ వద్దు, బెల్టూ వద్దు, ఆ కోటనేలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చున్న చోటు దాకా నడిచే ఎక్కొచ్చు. పొద్దున్నే రావాలి, పైన నీళ్లు దొరకవు.

తాడు_మాస్టర్
గుత్తి మాత్రం గ్రానైటే కదా, రాళ్ల పిచ్చి గారూ?