ఒత్తిడి పెంచినా కార్బన్ డయాక్సైడ్‌లో బ్రేక్‌డౌన్ వోల్టేజీ ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న (ఎం.టెక్. విద్యార్థి):
ప్రాజెక్టులో భాగంగా ఉక్కు ఛాంబర్‌లో కార్బన్ డయాక్సైడ్ నింపి, అర మిల్లీమీటరు ఎడంతో అమర్చిన రెండు ఇత్తడి గోళాల మధ్య డీసీ వోల్టేజీని నెమ్మదిగా పెంచుతూ, స్పార్క్ పడిన విలువను, అంటే బ్రేక్‌డౌన్ వోల్టేజీని, రాసుకుంటున్నాను. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. 10 బార్ల వరకు పాషెన్ నియమం (బ్రేక్‌డౌన్ వోల్టేజీ ఒత్తిడి, ఎడాల లబ్ధం మీద ఆధారపడుతుందనేది) ప్రకారమే గ్రాఫు దాదాపు సరళరేఖగా సాగింది. ఆ తరవాత వంగిపోయి, 50 బార్ల దగ్గర లెక్కకు రావలసిన దానిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే వస్తోంది. పైగా ప్రతి కొత్త జత గోళాలకూ మొదటి స్పార్క్‌లు తక్కువ వోల్టేజీకే పడుతున్నాయి. ఇది వాయువు స్వభావమా, నా కొలతలో లోపమా?

జవాబు 1:
పాషెన్ 1889లో ఒత్తిడిని, ఎడాన్ని గుణించి చూపారు గానీ, ఎలక్ట్రాన్‌కు అడ్డుపడేది ఒత్తిడి కాదు, అణువుల సాంద్రత. మీరు చెప్పిన 50 బార్లు, 25 డిగ్రీల దగ్గర ఆదర్శ వాయు సమీకరణం ఘనపు మీటరుకు సుమారు 89 కిలోగ్రాములు అంటుంది. నిజమైన విలువ 130కి దగ్గరగా ఉంటుంది. గ్రాఫును సాంద్రతతో మళ్లీ గీయండి, వంపు సరిపోతుంది.

జవాబు 2:
పై మిత్రుల మొదటి మాట సరైనదే, ముగింపు మాత్రం తలకిందులైంది. నిజమైన సాంద్రత ఎక్కువైతే బిందువులు ఇంకా కుడికి జరుగుతాయి, అంటే వంపు తగ్గదు, పెరుగుతుంది. కారణాన్ని వాయువులో కాక కాథోడ్ (రుణ ధ్రువానికి కలిపిన గోళం) ఉపరితలం మీద వెతకాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ గ్యాప్‌లో క్షేత్రం మిల్లీమీటరుకు పది కిలోవోల్టులు దాటిపోతుంది. కంటికి నున్నగా కనిపించే ఇత్తడి మీద కూడా ఉండే సూక్ష్మమైన మొనల దగ్గర అది అనేక రెట్లు పెరిగి, లోహం నుంచే ఎలక్ట్రాన్లను లాగేస్తుంది. వాటికి గుడ్డతో తుడిచినప్పుడు మిగిలిన నూలుపోగులు తోడైతే ఇక చెప్పనక్కరలేదు. మీ తొలి స్పార్క్‌లు తక్కువకే పడడం ఇందుకు మంచి ఆధారం: అవి ఆ మొనలను, ధూళిని కాల్చివేస్తాయి, ఆ తరవాత వోల్టేజీ నిలకడగా పెరుగుతుంది. విద్యుత్ నిరోధక వాయువైన సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ నింపిన సబ్‌స్టేషన్లలో కండక్టర్ల నునుపు మీద అంత పట్టింపు ఉండడం కూడా ఇందుకే.
తేల్చుకోవడానికి కాథోడ్‌ను మాత్రమే వజ్రపు పేస్టుతో పాలిష్ చేసి చూడండి, ఆ తరవాత ఆనోడ్‌ను మాత్రమే. మొదటిసారే అంకెలు మారితే సందేహం తీరినట్టే.

ప్రశ్న అడిగినవారు:
కాథోడ్‌ను పాలిష్ చేశాక 30 బార్ల దగ్గర విలువ స్పష్టంగా పెరిగిందండీ. ఆనోడ్‌ను పాలిష్ చేస్తే చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఛాంబర్‌ను వేడిచేసి సందిగ్ధ బిందువు (ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోయే ఉష్ణోగ్రత, ఒత్తిడి) దాటించవచ్చా?

జవాబు 3:
సందిగ్ధ బిందువు 31 డిగ్రీలు, 73.8 బార్లు. దాని చుట్టూ సాంద్రత ఒక్కచోట నిలవక, అణువులు గుంపులు కడుతూ విడిపోతూ ఉంటాయి. టోక్యో విశ్వవిద్యాలయంలో తెరషిమా బృందం మైక్రోమీటర్ల గ్యాప్‌లో అక్కడే బ్రేక్‌డౌన్ వోల్టేజీ పడిపోవడాన్ని చూపింది. మీ అర మిల్లీమీటరు గ్యాప్‌లో ఆ పల్లం అంత స్పష్టంగా కనిపిస్తుందని ఆశించకండి. ముందుగా ఛాంబర్, కిటికీ గాజు ఎంత ఒత్తిడికి పరీక్షించినవో చూసుకోండి. స్పార్క్‌లు పడిన వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కనుక గొట్టం ద్వారా గది బయటికే వదలండి.