సెయింట్ లూయిస్ జనాభా 3 లక్షలా 28 లక్షలా? కొంచెం చెక్ చేసి పెట్టండి

సావనీర్_బాధితుడు:
అందరికీ నమస్తే అండీ. ఉగాది సావనీర్‌కి మన ఊరు సెయింట్ లూయిస్ (అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం) గురించి రెండు పేజీలు రాయమని నా నెత్తిన పెట్టారు, తీరా కూర్చుంటే ఒక్క అంకె ఇంకో అంకెతో కలవట్లేదు. ఒకడు సెయింట్ లూయిస్ జనాభా 3 లక్షలంటాడు, ఇంకొకడు 28 లక్షలంటాడు, మరి 1950లోనే 8 లక్షల పైన అని ఇంకో చోట ఉంది, ఇంతకీ ఊరు పెరిగిందా తరిగిందా? 1870లో చికాగో కన్నా పెద్దదట, నిజమేనా లేక అభిమానం కొద్దీ రాశారా? పైగా ఏ వీడియో చూసినా అమెరికాలోకెల్లా డేంజరస్ సిటీ అంటున్నారు. ఐస్‌క్రీమ్ కోన్ 1904 వరల్డ్ ఫెయిర్‌లో ఇక్కడే పుట్టిందని పెట్టేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

లెక్కల_మాస్టారు:
మూడు అంకెలూ కరెక్టే అండీ, మూడూ వేరే వేరే వాటివి, అంతే. 2020 సెన్సస్‌లో సిటీ 3,01,578. సెయింట్ లూయిస్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 10,04,125, ఈ కౌంటీలో సిటీ కలవదు, చాలామంది జారిపడేది ఇక్కడే. మొత్తం మెట్రో, అంటే చుట్టుపక్కల ఊళ్ళు, మిసిసిపీ నది అవతల ఇల్లినాయ్ వైపు కూడా కలిపితే, 28,20,253. 1950లో సిటీ ఒక్కటే 8,56,796.

దీనికంతటికీ మూలం 1876. అప్పట్లో సిటీ వాళ్ళు, మా పన్నులు పోసి ఈ పల్లె కౌంటీని మేమెందుకు మొయ్యాలి అని విడిపోయారు (మొదటి లెక్కింపులో ప్రతిపాదన ఓడింది, రీకౌంట్‌లో గెలిచింది, అదో పెద్ద కథ). విడిపోయేటప్పుడు గీసుకున్న గీతే ఇప్పటికీ హద్దు, 62 చదరపు మైళ్ళు, ఇంకెప్పటికీ చాలుతుందనుకున్నారు పాపం. తర్వాత జనం హైవేలు పట్టుకుని పడమటికి పోయారు, హద్దు మాత్రం కదల్లేదు. మనవాళ్ళు ఎక్కువ ఉండే చెస్టర్‌ఫీల్డ్, బాల్విన్, ఆఖరికి బాల్విన్‌లో ఉన్న మన గుడి కూడా సిటీ లెక్కలోకి రావు. అందుకని సిటీ బాగా తరిగింది, చుట్టుపక్కల పెరిగింది, రెండూ రాయండి.

సెన్సస్ సైట్‌లో క్విక్‌ఫ్యాక్ట్స్‌లో పేరు కొడితే సెయింట్ లూయిస్ సిటీ, సెయింట్ లూయిస్ కౌంటీ అని విడివిడిగా వస్తాయి, మిన్నెసోటాలో కూడా ఒక సెయింట్ లూయిస్ కౌంటీ ఉంది, డులూత్ వైపు, దాన్ని నొక్కారంటే 2 లక్షల చిల్లర చూపిస్తుంది. డౌటొస్తే కోడ్ చూసుకోండి, సిటీది 29510, మన కౌంటీది 29189.

మిడ్‌వెస్ట్_అమ్మాయి:
డేంజరస్ సంగతి కూడా ఆ గీత దగ్గరే ఉంది. 2020లో సిటీలో 263 హత్యలు, 3 లక్షల మందితో భాగిస్తే లక్షకి 87, చాలా ఎక్కువ, అందులో దాపరికం ఏం లేదు. కానీ వేరే ఊళ్ళలో ప్రశాంతంగా ఉండే శివార్లు కూడా సిటీ హద్దులోనే ఉంటాయి కాబట్టి రేటు పలచబడుతుంది, ఇక్కడ నడిబొడ్డు ఒక్కటే లెక్కకొస్తుంది. ఇలా సిటీలకి ర్యాంకులు ఇవ్వొద్దని ఎఫ్‌బీఐ వాళ్ళే హెచ్చరిస్తారు, వీడియోల వాళ్ళు అది చదవరు. అలాగని ఆ 263ని మెట్రో జనాభా 28 లక్షలతో భాగించి చూశారా ఎంత సేఫో అని రాసేయకండి, కింద మెట్రో వేస్తే పైన కూడా మెట్రో హత్యలన్నీ వెయ్యాలి. ఈ ట్రిక్కు మనవాళ్ళ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది.

పాత_కాగితాలు:
నాకు ఇష్టమైన టాపిక్ 1870. కాగితం మీద సెయింట్ లూయిస్ 3,10,864, చికాగో 2,98,977, దేశంలో నాలుగో స్థానం. కానీ ఆ లెక్క ఉబ్బించిందని చరిత్రకారులు చాలాకాలంగా అంటున్న మాటే. ఎందుకో 1880 చూస్తే మీకే తెలుస్తుంది, ఇక్కడ 3,50,518. మధ్యలో 1876లో హద్దు మూడింతలకి పైగా పెంచారు కదా, అంత నేల కలిపాక కూడా పదేళ్ళలో 40 వేలేనా పెరిగేది? అదే చికాగో 1871లో చాలా భాగం తగలబడి కూడా 5,03,185కి పోయింది. కాబట్టి 1870 అధికారిక లెక్క ప్రకారం అని రాసి పక్కనే అనుమానం ఉందని ఒక ముక్క పెట్టండి. గొప్ప చెప్పుకోవాలంటే 1900 వాడుకోండి, 5,75,238, అప్పుడు కూడా నాలుగో స్థానమే, దీనికి వంక పెట్టేవాళ్ళు లేరు.

సావనీర్_బాధితుడు:
అబ్బ, థాంక్సండీ అందరికీ. మరి కోన్? మా ఎడిటర్ గారు దానికి బొమ్మ కూడా వేయించేశారు.

పాత_కాగితాలు:
బొమ్మ ఉంచేయండి, కింద పుట్టింది అనకుండా ఫెయిర్‌తో బాగా పేరొచ్చింది అని రాయండి. న్యూయార్క్‌లో ఇటాలో మార్కియోనీ అనే ఆయనకి తినే కప్పులు చేసే అచ్చు మీద పేటెంటు 1903 డిసెంబర్‌లోనే వచ్చింది, ఫెయిర్ మొదలైంది 1904 ఏప్రిల్‌లో. దానికి బదులు ఒలింపిక్స్ పెట్టుకోండి, 1904వి ముందు చికాగోకి ఇచ్చి తర్వాత ఇక్కడికి మార్చారు, గెలిచినవాళ్ళకి బంగారు పతకం ఇవ్వడం మొదలైంది కూడా ఆ ఆటల్లోనే.

మిడ్‌వెస్ట్_అమ్మాయి:
నది ఒడ్డున ఉన్న గేట్‌వే ఆర్చ్ ఎత్తు కూడా ఒకసారి చూసుకోండి, 630 అడుగులు, వెడల్పూ అంతే. పోయినేడాది సావనీర్‌లో మీటర్లు అని పడింది.